వచ్చిన వంటతోనే యాప్‌కి పరీక్ష!

తెలుగిళ్లలో రోజూ పొద్దున్నే వినపడే ప్రశ్న ఒకటుంది... 'ఇవాళ ఏం వండను?' దానికొచ్చే జవాబూ రోజూ ఒకటే... 'ఏదో ఒకటి!' ఆ ఏదో ఒకటి ఏమిటో తేల్చుకోవడం అసలు వంటకన్నా పెద్ద పని. ఒకప్పుడు ఈ చిక్కు తీర్చడానికి పక్కింటి పిన్నిగారుండేవారు. వారపత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న కాగితాలుండేవి. కొత్తకాపురానికి వెళ్లే అమ్మాయి పెట్టెలో చీరల మధ్య మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' పుస్తకం ఉండేది. ఇప్పుడు ఆ చోటంతా సెల్‌ఫోన్ ఆక్రమించేసింది. ప్లే స్టోర్‌లోకి వెళ్లి 'రెసిపీ' అని కొడితే చాలు... వరసగా యాప్‌లే యాప్‌లు. అన్నీ ఉచితమే అంటాయి. అన్నీ వేల వంటకాలున్నాయంటాయి. అన్నిటి బొమ్మలూ నోరూరిస్తాయి.

మరి వాటిలో మన వంటింటికి పనికొచ్చేది ఏది? బొమ్మలు బాగున్నదా? వంటకాలు ఎక్కువున్నదా? ఎక్కువమంది దించుకున్నదా? ఇవేవీ కొలమానం కాదు. అసలు కిటుకు చాలా చిన్నది. కొత్త యాప్‌లో మీకు రాని వంట కోసం వెతక్కండి. కళ్లు మూసుకుని చేసేయగల వంట కోసం వెతకండి. రాని వంటయితే అది తప్పు చెప్పినా తెలియదు. వచ్చిన వంటయితే ఎక్కడ తడబడిందో ఇట్టే దొరికిపోతుంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ!

పులిహోరే ప్రశ్నపత్రం

ఉదాహరణకి చింతపండు పులిహోరనే తీసుకోండి. మంచి యాప్ అయితే ముందుగా ఎన్ని బియ్యానికి ఎంత చింతపండో గ్రాముల్లో చెబుతుంది. అన్నం పలుకుగా వండి పళ్లెంలో పరచమంటుంది. వేడి మీదే పసుపూ నూనే కరివేపాకూ కలపమంటుంది. పులుసు ఎంతసేపు ఉడికించాలో నిమిషాల్లో చెప్పి ఊరుకోదు, 'చిక్కబడి నూనె పైకి తేలేదాకా' అంటుంది. పోపులో ఇంగువ మరచిపోదు. కలిపాక కాసేపు ఊరనివ్వమనీ చెబుతుంది.

అదే మరో యాప్ 'ఒక స్పూను టామరిండ్ పేస్ట్' అని తేల్చేసిందనుకోండి... ఏ పేస్టు? సీసాలో అమ్మే నల్లటి చిక్కటి పేస్టుకీ, ఇంట్లో నానబెట్టి పిసికిన గుజ్జుకీ పులుపులో బోలెడంత తేడా. ఆ ఒక్క ముక్కతోనే తెలిసిపోతుంది, అది రాసినవాళ్లు పులిహోర వండి రాశారో, ఎక్కడో చూసి రాశారో!

ఈ పరీక్షలో ప్రధానంగా చూడాల్సింది గుర్తులు. మన పెద్దవాళ్లు గడియారం చూసి వండలేదు. 'పచ్చివాసన పోయేదాకా', 'ఆవాలు చిటపటలాడాక', 'తీగపాకం వచ్చేదాకా', 'అంచులు వదిలేదాకా'... ఇదీ వాళ్ల లెక్క. మీ స్టవ్ మంట వేరు, మూకుడు మందం వేరు, ఉల్లిపాయల్లో తడి వేరు. అందుకే 'ఐదు నిమిషాలు వేయించండి' అనే మాట ఒకరింట్లో నిజమైతే ఇంకొకరింట్లో మాడు. నిమిషాలతోపాటు రంగూ వాసనా చెప్పే యాప్‌నే నమ్మొచ్చు.

కప్పులో ఉంది తిరకాసు

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మనవాళ్ల కొలతలకి ఓ లెక్కంటూ ఉండేది. ఇప్పుడు యాప్‌లన్నీ చెప్పేది 'కప్పు'. తీరా చూస్తే ఆ కప్పు దేశానికో రకం! అమెరికా కప్పంటే దాదాపు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. రైస్‌కుకర్‌తోపాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు మామూలుగా 180. ఇక మనింట్లో టీ తాగే కప్పు సంగతి అడగనే అక్కర్లేదు. టేబుల్‌స్పూనూ అంతే. చాలాచోట్ల 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20.

పప్పు, పులుసులకు ఈ తేడాతో వచ్చే నష్టమేమీ లేదు. కేకు, బర్ఫీ, మైసూరుపాకులాంటివాటి దగ్గరే అసలు గొడవ. అందుకే తూకం గ్రాముల్లో కూడా ఇచ్చే యాప్‌కి ఎక్కువ మార్కులు వేయాలి. కిరాణా కొట్లో ఉండేలాంటి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి వంటగట్టు మీద పెట్టుకుంటే సగం చిక్కులు తీరినట్టే.

ఉప్పు విషయంలో మరీ జాగ్రత్త. అమెరికా వంటకాల్లో 'కోషర్ సాల్ట్' అని కనిపిస్తుంది. అది పలుకులుగా ఉంటుంది. అదే స్పూనుతో మన మెత్తటి ఉప్పు వేస్తే కూర ఉప్పు కషాయమే. మన కల్లుప్పుకీ, ప్యాకెట్ ఉప్పుకీ మధ్య ఉన్న తేడాలాంటిదే ఇది. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లుంటే ఈ చిన్న తేడా పెద్దదవుతుంది. పెద్దవాళ్లు రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే అన్నీ కలిపి ఒక్క టీస్పూనే!

ఎండుమిర్చీ అంతే. 'పది ఎండుమిర్చి' అంటే గుంటూరు మిర్చా, బ్యాడిగ మిర్చా? మొదటిది మంట, రెండోది ఎక్కువగా రంగు. ఏ రకమో చెప్పని యాప్‌ని నమ్మి పదీ వేసేస్తే ఆ పూట ఇంటిల్లిపాదికీ మజ్జిగే దిక్కు.

గోంగూర అడిగితే చుక్కకూర

చాలా యాప్‌లు ఇంగ్లిషులో రాసి, తరవాత యంత్రంతో తెలుగు చేయించినవి. తమాషాలన్నీ అక్కడే. గోంగూరని ఇంగ్లిషులో 'సోరెల్' అనేస్తుంటారు. యూరప్‌లో సోరెల్ అంటే మన చుక్కకూర కుటుంబానికి చెందిన ఆకు. కరీబియన్ దీవుల్లోనేమో అదే మాటకి ఎర్ర గోంగూర కాయల మీది తొడిమలతో చేసే పానీయం అని అర్థం. ఏ దేశపు యాప్ చూస్తే ఆ దేశపు ఆకు చేతిలో పెడుతుందన్నమాట!

'కార్న్‌ఫ్లోర్' కథ ఇంకా తికమక. మన కొట్లో ఆ పేరుతో దొరికేది తెల్లటి పిండి. మంచూరియాలోకీ సూపులోకీ వాడతామే, అది. అమెరికావాళ్లు దాన్ని 'కార్న్‌స్టార్చ్' అంటారు. వాళ్ల కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న గింజల్ని మెత్తగా ఆడించిన పిండి. ఒకటనుకుని ఇంకొకటి వేస్తే సూపు చిక్కబడే తీరే మారిపోతుంది. 'ఆల్ పర్పస్ ఫ్లోర్' అంటే మైదా. 'సిలాంట్రో' అంటే మన కొత్తిమీరే. ఓవెన్ '350' అని ఉంటే కంగారుపడక్కర్లేదు, అది ఫారెన్‌హీట్. మన లెక్కలో దాదాపు 175 డిగ్రీల సెల్సియస్. ఇలాంటివాటిని మన మాటల్లోకి, మన లెక్కల్లోకి మార్చి చూపించే యాప్ అయితే సగం శ్రమ తగ్గినట్టే.

'సౌత్ ఇండియన్' అంటే ఇడ్లీ ఒక్కటేనా?

చాలా యాప్‌లలో మన వంటలన్నిటికీ కలిపి ఒకటే గది... 'సౌత్ ఇండియన్'. తెరిస్తే ఇడ్లీ, దోసె, సాంబారు, ఆపైన ఓ ఉప్మా. మన సంగతి దానికెంత తెలుసో చూడాలంటే నాలుగు పేర్లు కొట్టి చూడండి. తెలంగాణ నుంచి సర్వపిండి, రాయలసీమ నుంచి ఉగ్గాణి, గోదావరి జిల్లాల నుంచి పనసపొట్టు కూర, పచ్చిపులుసు కూడా! నాలుగింటిలో కనీసం రెండు దొరికితే ఆ యాప్‌ని ఫోన్‌లో ఉండనివ్వొచ్చు. తెలుగు లిపిలో కొట్టినా, ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా, నోటితో అడిగినా దొరికితే మరీ మంచిది. చేతికి పిండి అంటుకున్నప్పుడు నోరే కదా పనికొచ్చేది.

ముచ్చటగా మూడు రకాలు

పైకి ఒకేలా కనిపించినా వంట యాప్‌లలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మొదటిది... వంట తెలిసినవాళ్లు ఒక పద్ధతి ప్రకారం రాసి పెట్టేవి. తర్లా దలాల్ 2013లో కన్నుమూసినా ఆమె పేరుతో ఉన్న వంటకాల ఖజానా ఈ కోవలోదే. శాకాహారులకు అందులో బోలెడు సరుకు. కొలతలన్నీ ఒకే తీరులో ఉండటం ఈ రకానికి బలం.

రెండోది... జనమే తమ వంటలు పెట్టేవి. జపాన్‌లో 1990ల చివర్లో మొదలై దేశదేశాలకు పాకిన కుక్‌ప్యాడ్ ఇలాంటిది. ఇంటి వంటల వైవిధ్యం ఇక్కడే ఎక్కువ. కాకపోతే ఒకరి కప్పుకీ ఇంకొకరి కప్పుకీ పొంతన ఉండదు. వంటకం కింద, దాన్ని వండి చూసినవాళ్లు ఏమన్నారో చదివాకే పొయ్యి వెలిగించాలి.

మూడోది... వంటలేవీ ఇవ్వకుండా, మీ వంటలు మీరే రాసి దాచుకునే బీరువాలాంటివి. పాప్రికా ఈ రకం. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవాలి, ఫోన్‌కి వేరే, కంప్యూటర్‌కి వేరే. ఎక్కడో చూసిన వంటకాన్ని అందులోకి లాక్కుని, 'కారం తగ్గించాలి, బాబు తినలేదు' అని పక్కన రాసుకోవచ్చు.

మరి వీడియోలు చాలవా అంటే... వాటి గొప్పతనం వాటిదే. గుంటూరు జిల్లా మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో కట్టెలపొయ్యి మీద వండుతుంటే ప్రపంచమంతా యూట్యూబ్‌లో కళ్లప్పగించి చూసింది. 2018లో ఆమె వెళ్లిపోయినా ఆ వీడియోలు చూసేవాళ్లకి కొదవలేదు. పిండి ఎంత జారుగా ఉండాలి, వేపుడు ఏ రంగుకి రావాలి అన్నది వీడియోలో తెలిసినంతగా అక్షరాల్లో తెలియదు. అయితే పొయ్యి మీద నూనె కాగుతుండగా 'ధనియాల పొడి ఎంతన్నారూ?' అని వీడియోని వెనక్కి తిప్పుకోవడం మాత్రం నరకం. ముందు వీడియో చూసి, వండేటప్పుడు యాప్‌లోని పట్టిక ముందు పెట్టుకోవడమే తెలివైన పని.

ఎవరికి ఏది?

హాస్టల్ వదిలి కొత్తగా అద్దెగదిలో చేరిన కుర్రాడికి వెయ్యి వంటకాలు దండగ. ఐదారు దినుసులతో అయిపోయేవి, అడుగడుగుకీ ఫొటో ఉన్నవి చాలు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో వారానికి సరిపడా వంటల పట్టిక వేసి, దాన్నిబట్టి సరుకుల చిట్టా తయారుచేసే యాప్ అక్కరకొస్తుంది. చిట్టా ఇద్దరి ఫోన్లలోనూ కనిపిస్తే, దారిలో కూరగాయలు తెచ్చే పని ఎవరిదన్న వాదన కూడా తగ్గుతుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కాపురముంటున్న అమ్మాయికి, దొరకని దినుసు బదులు ఏం వాడాలో చెప్పేది కావాలి. 'మూడు విజిళ్లు' అన్న అమ్మ మాటని విజిల్ వేయని ఎలక్ట్రిక్ కుక్కర్ నిమిషాల్లోకి మార్చేది కావాలి.

అందరికీ కావాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. వండేటప్పుడు తెర ఆరిపోకూడదు. 'కుక్ మోడ్' పేరుతో కొన్ని యాప్‌లలో ఆ సదుపాయం ఉంటుంది. నెట్ లేకపోయినా దాచుకున్న వంటకం తెరుచుకోవాలి. మధ్యలో ప్రకటన వచ్చి తెరంతా కప్పేస్తే, దాన్ని మూసే గుర్తు దొరికేలోపు పోపు మాడుతుంది. అలాంటి యాప్‌ని అక్కడికక్కడే తీసేయడం మేలు.

లెక్కలు నమ్మేముందు...

నలుగురికి చెప్పిన వంటని పన్నెండుమందికి మార్చమంటే యాప్ అన్నిటినీ మూడుతో గుణించి చేతిలో పెడుతుంది. పప్పుకీ ముక్కలకీ ఆ లెక్క సరే. నీళ్లు, ఉప్పు, కారం, పోపు నూనె అలా కాదు. గిన్నె మూడింతలు పెద్దదైనంత మాత్రాన నీళ్లు మూడింతలు ఆవిరి కావు. ముందు రెండింతలు వేసి, రుచి చూసి, మిగిలింది కలుపుకోవడమే పద్ధతి.

కేలరీల అంకెల్ని కూడా వేదవాక్కుగా తీసుకోవద్దు. అవి ఏ దేశపు పట్టికలోంచి వచ్చాయో చూడాలి. మన ఆహార పదార్థాల పోషక విలువలకు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో పట్టికలు ప్రచురించింది. దేశం నలుమూలల నుంచి సేకరించిన 528 పదార్థాల వివరాలున్నాయందులో. మన తిండికి మన లెక్కలే వాడుతున్నామని చెప్పే యాప్ కొంత నయం. అయినా మీ గరిటెలో నూనె ఎంతో దానికి తెలియదు కదా!

ఇప్పుడు కొత్తగా, 'ఇంట్లో ఏమున్నాయో చెప్పండి, వంట నేను చెబుతా' అనే కృత్రిమ మేధ యాప్‌లొచ్చాయి. మిగిలిపోయిన వంకాయలకు దారి చూపించడంలో ఘటికులే. కానీ వాటికి నాలుక లేదు. న్యూజిలాండ్‌లో 2023లో ఓ సూపర్‌మార్కెట్ తెచ్చిన ఇలాంటి వంట సహాయకుడికి కొందరు సరదాకి ఇల్లు కడిగే రసాయనాల పేర్లు ఇస్తే, వాటిని కలిపి 'పానీయం' చేసుకోమంది. అలా కలిపితే వచ్చేది ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు! 2024లో గూగుల్ వెతుకులాటలోని కృత్రిమ మేధ, పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని చెప్పి నవ్వులపాలైంది. దాని సలహా ఏదైనా సరే, మీకు తెలిసిన వంటతో పోల్చి చూశాకే గిన్నెలో పడాలి.

'ఉచితం' వెనక ఏముంది?

వంట చెప్పే యాప్‌కి మీ ఫోన్‌లోని నంబర్లన్నీ ఎందుకు? మీరెక్కడున్నారో ఎందుకు? నోటితో అడిగే సౌకర్యం ఉంటే మైక్ అనుమతి ఇవ్వొచ్చు, ఫొటో పెట్టాలంటే కెమెరా ఇవ్వొచ్చు. మిగతావి అడిగితే 'వద్దు' నొక్కేయండి. ఏడు రోజులు ఉచితం అని కార్డు వివరాలు తీసుకునేవాటితో ఇంకా జాగ్రత్త. ఎనిమిదో రోజు నుంచి డబ్బు కోత మొదలవుతుంది. చాలామంది యాప్ తీసేస్తే సరిపోతుందనుకుంటారు. అది తప్పు. యాప్ తీసేసినా చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ఫొటో గుర్తు నొక్కి, చందాల విభాగంలోకి వెళ్లి విడిగా రద్దు చేసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి. ఆ యాప్ రేపు మూతపడితే? అలా జరగదనుకోవద్దు. అమెరికాలో 2009లో మొదలైన యమ్లీ వంటకాల లోకంలో పేరుమోసిన యాప్. 2017లో వంటింటి యంత్రాలు తయారుచేసే వర్ల్‌పూల్ దాన్ని కొనేసింది. 2024 డిసెంబర్‌లో దుకాణం కట్టేసింది. ఏళ్ల తరబడి అందులోనే వంటకాలు దాచుకున్నవాళ్లు వాటికోసం వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే ఏ యాప్‌లోనైనా మొదటిరోజే చూడాల్సింది... దాచుకున్నవాటిని ఫైలుగా బయటికి తీసుకునే దారి ఉందా, లేదా? లేకపోతే అందులో ఎవరో చెప్పిన పనీర్ కూర దాచుకోండి కానీ, అమ్మమ్మ ఆవకాయని మాత్రం దాచొద్దు.

మన వంటిళ్లలో అసలు సంపద అదే. ఏ యాప్‌లోనూ లేని వంట. ఆ ఇంటి ముక్కలపులుసులో బెల్లం ఎప్పుడు పడాలో, ఆ ఇంటి సకినాల పిండి ఎంత మెత్తగా ఉండాలో తెలిసినవాళ్లు ఇంటికొకరే ఉంటారు. వాళ్ల కొలతలు పుస్తకంలో ఉండవు, చేతిలో ఉంటాయి. 'ఎంత వేశావు?' అంటే 'ఇంత' అని గుప్పెడు చూపిస్తారు. ఆ గుప్పెడు ఎన్ని గ్రాములో రాసిపెట్టుకోకపోతే రేపు దాన్ని చెప్పే యాప్ ఎక్కడా దొరకదు.

కాబట్టి యాప్ ఎంచుకోవడం అయిపోయాక దానికి మొదటి పని మీరే చెప్పండి. ఈ ఆదివారం త్రాసు తీసి వంటగట్టు మీద పెట్టండి. ఇంట్లో పెద్దావిడ పులుసులో ఉప్పు వేయబోతుంటే చేయి పట్టుకుని ఆపండి. ఆ గుప్పెడుని ముందు త్రాసులో వేసి, ఆ తరవాతే గిన్నెలో వేయమనండి. రెండు మూడు రకాలయ్యేసరికి 'నీ తూకాలూ నువ్వూ, పులుసు పొంగిపోతోంది!' అని విసుక్కుంటారు. ఫర్వాలేదు. ఆ మాట కూడా పక్కనే రాసుకోండి. పులుసు పొంగేది ఎప్పుడో తెలిసిపోతుంది!